సూర్యుడి దగ్గర ఆక్సిజన్ లేదు కదా, మరి మంట ఎలా? (ఏడో తరగతి పాప అడిగిన ప్రశ్న)

బడిగంట | సోమవారం రాత్రి 8:42

అందరికీ నమస్కారం. పల్నాడులో ఒక పల్లెటూరి బడిలో సైన్సు చెప్తాను. ఈ రోజు కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించే ప్రయోగం చేశాం. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోయింది. మండాలంటే ఆక్సిజన్ కావాలని పిల్లలే చెప్పారు. పాఠం అయిపోయిందనుకుంటుండగా వెనక బెంచీ పాప లేచి, "టీచర్, అంతరిక్షంలో గాలి లేదన్నారు కదా, మరి సూర్యుడు ఎందుకు ఆరిపోలేదు?" అని అడిగింది.

అది వేరే రకం మంట అన్నాను. పాప కూర్చుంది గానీ మొహంలో తృప్తి లేదు. నాకూ లేదు. సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు కలిసిపోవడం, అనే మాట నాకు తెలుసు. కానీ పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాట చెప్తే ప్రశ్నకు మూత పెట్టినట్టే అవుతుంది, జవాబు చెప్పినట్టు కాదు. సూత్రాలు లేకుండా, అబద్ధం చెప్పకుండా ఎలా చెప్పాలి? శుక్రవారం మళ్ళీ ఆ తరగతికి వెళ్ళాలి.

కృష్ణలంక కుర్రోడు | సోమవారం రాత్రి 9:05

టీచర్ గారూ, సూర్యుడిలో ఆక్సిజన్ లేదనడం తప్పండీ. బరువులో దాదాపు 1 శాతం ఆక్సిజనే. భూమికి 3 లక్షల 30 వేల రెట్ల బరువున్న సూర్యుడిలో 1 శాతం అంటే చిన్న సంగతి కాదు. దానితోనే మండుతోందని చెప్పొచ్చేమో.

చుక్కలదారి | సోమవారం రాత్రి 10:31

తమ్ముడూ, ఆక్సిజన్ ఉన్నమాట నిజమే, కానీ దానితో మండటం లేదు. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. టీచర్ గారూ, కొవ్వొత్తి దగ్గరే మొదలుపెట్టండి.

కాలడం అంటే పరమాణువులు జట్లు మార్చుకోవడం. మైనంలో కార్బన్, హైడ్రోజన్ కలిసి ఉంటాయి. వేడి తగలగానే అవి విడిపోయి గాలిలోని ఆక్సిజన్‌తో జట్టు కడతాయి. ఆ కొత్త జట్టు గట్టిది కాబట్టి మిగిలిన శక్తి వెలుగుగా, వేడిగా బయటికొస్తుంది. కాలకముందు ఎన్ని కార్బన్ పరమాణువులున్నాయో కాలిన తర్వాతా అన్నే ఉంటాయి. ఒక్కటి కూడా వేరే మూలకంగా మారదు.

ఇప్పుడు సూర్యుడి దగ్గరికి వెళ్దాం. పైన కనిపించే పొర వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. నడిమధ్యలో దాదాపు కోటిన్నర డిగ్రీలు. అంత వేడిలో ఏ పరమాణువూ ఇంకో పరమాణువు చెయ్యి పట్టుకుని నిలబడలేదు. ఎలక్ట్రాన్లు కూడా ఊడిపోతాయి. జట్టే లేనప్పుడు కాలడం ఎక్కడిది? పాపకి నేనైతే ఇలా చెప్తాను: సూర్యుడు కాలడం లేదమ్మా, కాలడానికి వీల్లేనంత వేడిగా ఉన్నాడు.

మరి వెలుగు ఎక్కడిది? అక్కడ పరమాణువు నడిమి గింజ, అంటే కేంద్రకమే మారిపోతోంది. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు, ఒక్క దెబ్బకి కాదు, మెట్టు మెట్టుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. తూకం వేస్తే తేడా వస్తుంది. 1 కిలో హైడ్రోజన్ వేస్తే వచ్చేది 993 గ్రాముల హీలియం. తగ్గిన 7 గ్రాములే శక్తిగా మారతాయి. మన కరెంటు మీటరు లెక్కలో ఆ 7 గ్రాములు 17 కోట్ల యూనిట్లకు పైమాటే.

బడిగంట | సోమవారం రాత్రి 10:58

మాస్టారూ, "కాలడానికి వీల్లేనంత వేడి" అన్న మాట నోట్సులో రాసుకున్నాను. కానీ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, పిల్లల సంగతి నాకు తెలుసు. అంత శక్తి ఉన్నప్పుడు ఒక్కసారిగా బాంబులా పేలిపోకుండా ఇన్నేళ్ళు నెమ్మదిగా ఎలా వెలుగుతున్నాడు?

చుక్కలదారి | మంగళవారం ఉదయం 6:20

మీ ఊళ్ళో పెంటపోగు ఉంటుంది కదండీ. చలికాలం పొద్దున్నే దాన్ని గునపంతో కదిలిస్తే ఆవిరి వస్తుంది, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. సూర్యుడి నడిమధ్యలో ఒక ఘనపు మీటరు చోటులో పుట్టే శక్తి ఆ పెంటపోగులో పుట్టే వేడికి అటూ ఇటూగా సమానం. మొత్తం సూర్యుడి సగటు తీస్తే ఇంకా తక్కువ. కిలోకి కిలో లెక్కేస్తే మన ఒంట్లో పుట్టే వేడే సూర్యుడి కంటే వేల రెట్లు ఎక్కువ. లెక్క చాలా తేలిక. సూర్యుడు వెదజల్లే మొత్తం శక్తిని బరువుతో భాగించి చూడండి.

సూర్యుడి గొప్ప వేగంలో లేదు, పరిమాణంలో ఉంది. అడ్డంగా 109 భూములు పేర్చాలి. పెంటపోగు అంత పెద్దదైతే లోపలి వేడి బయటికి రావడానికి దారి ఉండదు, పోగుపడుతూ ఉంటుంది.

నెమ్మదికి కారణం ఏమిటంటే, హైడ్రోజన్ కేంద్రకాలన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం. ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. కోటిన్నర డిగ్రీల్లో ఎంత వేగంగా దూసుకొచ్చినా దాదాపు ప్రతిసారీ పక్కకి తప్పుకుంటాయి. ఒక హైడ్రోజన్ కేంద్రకం ఇంకోదానితో కలవడానికి సగటున వందల కోట్ల ఏళ్ళు ఎదురుచూడాలి. కానీ అక్కడ ఉన్న కేంద్రకాల సంఖ్య ఎంతంటే, ఇంత అరుదుగా కలిసినా సెకనుకి సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అందులో 40 లక్షల టన్నులకు పైగా వెలుగైపోతోంది.

పేలకుండా కాపాడేది సూర్యుడి బరువే. లోపల కలయిక కాస్త ఎక్కువైతే వేడి పెరిగి నడిమి భాగం ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడుతుంది. చల్లబడితే కలయిక తగ్గుతుంది. 460 కోట్ల ఏళ్ళుగా ఈ సర్దుబాటు తనంతట తానే జరుగుతోంది. ఇన్నేళ్ళలో వెలుగు రూపంలో పోయింది మొత్తం బరువులో పదివేల భాగాలకు మూడు భాగాలే. ఇంకో 500 కోట్ల ఏళ్ళకు సరిపడా సరుకుంది.

కృష్ణలంక కుర్రోడు | మంగళవారం ఉదయం 7:15

నా జవాబు తప్పని అర్థమైంది మాస్టారూ, థాంక్స్. ఒక డౌటు. సూర్యుడంతా బొగ్గే అనుకుని, కావలసినంత ఆక్సిజన్ కూడా ఇచ్చాం అనుకుంటే ఎన్నాళ్ళు వెలుగుతుంది?

చుక్కలదారి | మంగళవారం ఉదయం 7:40

సుమారు 5 వేల ఏళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం శాస్త్రవేత్తలకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇదే. బొగ్గు కాదు, సూర్యుడు తన బరువుకి తానే కుంచించుకుపోతూ వేడెక్కుతున్నాడని కెల్విన్ వాదించాడు. అలా లెక్కేసినా కొన్ని కోట్ల ఏళ్ళకు మించి రాలేదు. రాళ్ళ వయసు చూసే భూగర్భ శాస్త్రవేత్తలకు అది బొత్తిగా చాలలేదు. కేంద్రకాల కలయిక ద్వారా నక్షత్రాలు ఎలా వెలుగుతాయో హాన్స్ బేథే 1938-39లో లెక్కగట్టి చూపించేదాకా ఆ ముడి పూర్తిగా విడలేదు.

అరండల్‌పేట | మంగళవారం మధ్యాహ్నం 1:12

ఇంత చర్చలో హీలియం అన్నారు గానీ మా గుంటూరు పేరు ఎవరూ ఎత్తలేదు! హీలియం కనిపెట్టింది గుంటూరులోనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఆయన ఓడెక్కి వచ్చి గుంటూరులో దుర్భిణి పెట్టి చూశాడు. టీచర్ గారూ, మీ బడి నుంచి గుంటూరు ఎంత దూరం? పిల్లలకి ఇది చెప్పకపోతే ఇంకేం చెప్తాం? మన ఊళ్ళో జరిగిన ఇంత పెద్ద సంగతి మన పిల్లలకే తెలియకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది.

డల్లాస్ నుంచి | మంగళవారం రాత్రి 9:48

అరండల్‌పేట గారూ, మీ బాధ నాదీ. మాది తెనాలి. కానీ పిల్లలకి చెప్పేటప్పుడు ఒక్క మాట సరిచేసి చెప్దాం, అప్పుడు కథ ఇంకా బాగుంటుంది.

గ్రహణం సంపూర్ణమైనప్పుడు నల్లటి చంద్రుడి అంచున ఎర్రటి నాలుకల్లాంటివి కనిపిస్తాయి. అవి మంటలా, మబ్బులా, చంద్రుడివా, సూర్యుడివా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. జాన్సెన్ వాటి వెలుగుని వర్ణపటదర్శినిలోంచి, అంటే వెలుగుని రంగులుగా విడదీసి చూపే పరికరంలోంచి, పంపితే విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి సూర్యుడి చుట్టూ ఉన్న వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చనిపించింది ఆయనకి. మర్నాడు పొద్దున్నే అదే గుంటూరులో మామూలు ఎండలో ప్రయత్నించి చూడగలిగాడు. ఆయన అసలు ఘనత అది.

వేడెక్కిన ఒక్కో మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఆ గీతల్లో ఒక పసుపు గీతని ఆ రోజు ఒకరి కంటే ఎక్కువ మందే చూశారు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ కూడా ఉన్నాడు. అది సోడియం గీతే అని చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గ్రహణం లేకుండానే సూర్యుడి అంచుని చూస్తూ, ఆ గీత సోడియం గీతల చోట లేదని గమనించాడు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత సరిపోలేదు. గ్రీకులో సూర్యుడికున్న హీలియోస్ అనే పేరు మీద దానికి హీలియం అని పేరు వచ్చింది. గ్రహణం లేకుండా చూసే పద్ధతి గురించి ఇద్దరి ఉత్తరాలూ ఫ్రెంచి సైన్సు అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఇద్దరి బొమ్మలతో కలిపి ఫ్రెంచి ప్రభుత్వం పతకం వేయించింది.

నేను 2024 ఏప్రిల్ 8న ఇక్కడ డల్లాస్‌లో సంపూర్ణ గ్రహణం చూశాను. పొద్దున్నుంచీ మబ్బులు, టెన్షన్. సమయానికి మబ్బు విడింది. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువే, కానీ చంద్రుడి కింది అంచున గులాబీ రంగు చుక్క వట్టి కంటికే కనబడింది. ఆ రంగు హైడ్రోజన్‌ది. మా అమ్మాయి భుజం పట్టుకుని, మన గుంటూరులో జాన్సెన్ చూసింది ఇదేనమ్మా అని చెప్పాను. గుంటూరులో ఆ రోజు చీకటి దాదాపు ఆరు నిమిషాలు నిలిచిందట.

అరండల్‌పేట | మంగళవారం రాత్రి 10:20

సరే అండీ, ఒప్పుకుంటున్నాను. గీతని చూసింది మన తీరంలో, కొత్త మూలకమని గుర్తుపట్టింది అక్కడ. అలా చెప్పినా గుంటూరుకి గౌరవమే.

వంటింటి వెలుగు | బుధవారం ఉదయం 11:05

నేను శాస్త్రం చదువుకోలేదండీ, ఇంటర్‌తో ఆగింది. పోస్టులన్నీ చదివాక ఒకటి అడగాలనిపించింది. చారు పొంగి గ్యాస్ పొయ్యి మీద పడితే నీలంగా ఉండే మంట ఒక్కసారి పసుపుగా అవుతుంది. పైన చెప్పిన సోడియం ఇదేనా?

చుక్కలదారి | బుధవారం ఉదయం 11:50

అక్షరాలా అదేనమ్మా! చారులో ఉప్పుంది, ఉప్పులో సోడియం ఉంది. పాత పసుపు వీధిదీపాల రంగూ అదే. ఆ పసుపు నిజానికి పక్కపక్కనే ఉన్న రెండు గీతలు: వెలుగు అల పొడవు లెక్కలో 589.0, 589.6 నానోమీటర్లు. హీలియం గీత 587.6 దగ్గర. ఎంత దగ్గరో చూడండి. గ్రహణపు హడావుడిలో, ఆ కాస్త సమయంలో, దాన్ని సోడియం అనుకున్నవాళ్ళని తప్పుపట్టలేం.

టీచర్ గారూ, శుక్రవారానికి ఇది పనికొస్తుంది. ఒక పుల్లని ఉప్పునీళ్ళలో నానబెట్టి స్పిరిట్ దీపం మంటలో పెట్టండి, గది కాస్త చీకటి చేసి. చెప్పుల పెట్టెకి ఒక వైపు సన్నని చీలిక, లోపల పాత సీడీ ముక్క ఏటవాలుగా, పైన చూడటానికి కన్నం. అంతే, వర్ణపటదర్శిని తయారు. ఉప్పు మంటకి పసుపు గీత వస్తుంది. పగటి ఆకాశం వైపు తిప్పితే ఇంద్రధనుస్సులోని రంగులన్నీ వస్తాయి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పనివ్వకండి. ఎక్స్‌రే ఫిల్ము అడ్డుపెట్టి చూడటం కూడా ప్రమాదమే. నా విద్యార్థి ఒకడు గ్రహణాన్ని అలా చూసి కంట్లో మచ్చ తెచ్చుకున్నాడు, అది తగ్గలేదు.

కృష్ణలంక కుర్రోడు | బుధవారం మధ్యాహ్నం 2:30

మామూలు ఎండలో హీలియం గీత ఎందుకు కనబడదు? సూర్యుడిలో నాలుగో వంతు హీలియమే అంటారు కదా.

చుక్కలదారి | బుధవారం సాయంత్రం 5:15

మంచి ప్రశ్న. పై పొర 5,500 డిగ్రీల వేడి హీలియంని కదిలించడానికి చాలదు. ఇనుము, సోడియం లాంటివి ఆ వేడికే తమ గీతలు చూపిస్తాయి. హీలియం ఎలక్ట్రాన్లు గట్టిగా పట్టుబడి ఉంటాయి. అంచున ఇంకా వేడిగా ఉండే పొరల్లోనే దాని గీత మెరుస్తుంది, అందుకే గ్రహణం కావలసి వచ్చింది.

గీత బలంగా ఉంటే ఆ పదార్థం ఎక్కువని, గీత లేకపోతే లేదని చాలాకాలం పొరబడ్డారు. సూర్యుడు కూడా భూమిలాగే ఇనుము, రాయి అనుకున్నారు. ఏ వేడి దగ్గర ఏ పరమాణువు ఎలా ఉంటుందో 1920లో మన మేఘనాథ్ సాహా సూత్రం చెప్పింది. ఆ సూత్రంతోనే సిసిలియా పేన్ 1925లో నక్షత్రాల్లో ఉన్నది ప్రధానంగా హైడ్రోజన్, హీలియం అని తేల్చింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. పెద్దవాళ్ళు నమ్మలేదు. తన ఫలితం బహుశా నిజం కాకపోవచ్చని ఆమే రాయవలసి వచ్చింది. కొన్నేళ్ళకి అందరూ ఒప్పుకున్నారు. ఆడపిల్ల అడిగిన ప్రశ్నతో మొదలైన చర్చ కాబట్టి ఆమె పేరు తరగతిలో తప్పక చెప్పండి.

మేడమీద సోలార్ | బుధవారం రాత్రి 8:10

ఇంత తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి నా సమస్య కూడా అడుగుతాను. గత ఏడాది మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు పెట్టించాం, కేంద్రం సబ్సిడీ 78 వేలు వచ్చింది. మార్చిలో రోజుకి 13 యూనిట్ల దాకా వచ్చింది. మే నెలాఖరులో, రోహిణి కార్తె ఎండలో, 11 దాటడం కష్టమైంది. పెట్టినవాళ్ళని అడిగితే సరైన జవాబు లేదు. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రావాలి కదా? వేసవిలో సూర్యుడు దగ్గరికి కూడా వస్తాడు.

డల్లాస్ నుంచి | బుధవారం రాత్రి 9:02

రెండు విషయాలండీ. వేసవిలో సూర్యుడు దగ్గరికి రాడు. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, 15 కోట్ల 21 లక్షలు. ఎండాకాలానికి కారణం కిరణాలు నిటారుగా పడటం, పగలు ఎక్కువ కావడం.

ఇక ప్యానెల్‌కి కావలసింది వెలుగు, వేడి కాదు. వెలుగు తగిలి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదులుతాయి, అదే కరెంటు. వేడి దానికి అడ్డు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. దాని పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. దుమ్ము అదనం. పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే కడగండి. మిట్టమధ్యాహ్నం చల్లనీళ్ళు పోయొద్దు, అద్దం పగిలే ప్రమాదముంది.

మేడమీద సోలార్ | బుధవారం రాత్రి 9:20

ఏడాదిగా మోసపోయానేమో అనుకుంటున్నాను. మనసు కుదుటపడింది. ధన్యవాదాలు.

నాగలి | గురువారం ఉదయం 5:35

రోహిణి కార్తె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న బడికి పోలేదు గానీ కార్తెలన్నీ నోటికొచ్చు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్న రోజులు, ఏడాదికి 27. మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి. ఆ రోజుల్లో రోహిణి చుక్క కనబడదు, సూర్యుడి వెనకాల పడిపోతుంది. పగటిపూట చుక్కలు కనబడకపోయినా అక్కడే ఉంటాయని మా పెద్దలకి లెక్క ఉంది. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనేది అందరికీ తెలిసిందే.

నా ప్రశ్న ఇది. మే మొదటి వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కాళ్ళ కిందికి పోతుంది. ఎండ అప్పుడే ఎక్కువ కావాలి. రోళ్ళు పగిలే ఎండ మూడు వారాల తర్వాత ఎందుకు?

చుక్కలదారి | గురువారం ఉదయం 6:50

నాగలి గారూ, మీరు నీడ గమనించిన తీరుకి నమస్కారం. పల్నాడులో ఆ రోజు మే 6 ప్రాంతంలో, హైదరాబాదులో 9 ప్రాంతంలో వస్తుంది. ఆగస్టు మొదట్లో ఇంకోసారి. రోజులో కూడా ఇంతే, సూర్యుడు నెత్తిన ఉండేది పన్నెండింటికి, వేడి ఎక్కువయ్యేది రెండు మూడు గంటలకి. నేల వేడిని పోగుచేసుకుంటుంది, పోయే దానికంటే వచ్చేది ఎక్కువగా ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. రోహిణి నాటికి నేల ఎండి ఉంటుంది, వాన ఇంకా రాలేదు. మృగశిరలో మబ్బు పడితే తగ్గుతుంది.

ఇంకో మాట. రోహిణి చుక్క చలికాలం రాత్రి చూడండి, నారింజ రంగు. ఆర్ద్ర ఎర్రగా ఉంటుంది. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత నారింజ, ఇంకా కాలితే తెల్లబడుతుంది కదా. చుక్కలూ అంతే. ఎర్ర చుక్క కంటే మన సూర్యుడు వేడి, నీలం చుక్క ఇంకా వేడి. ఆర్ద్ర పైపొర వేడి సూర్యుడిదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

బడిగంట | శుక్రవారం సాయంత్రం 6:30

అందరికీ చెప్పాలని ఆగలేక రాస్తున్నాను. కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఉప్పు పుల్ల మంటలో పెట్టగానే పిల్లలు పెద్దగా అరిచారు. పెట్టెలోంచి ఒక్కొక్కరూ పసుపు గీత చూశారు. జాన్సెన్ కథ చెప్పాను. మన గుంటూరేనా టీచర్ అని నాలుగుసార్లు అడిగారు. భూమ్మీద హీలియం చేతికి దొరికింది 27 ఏళ్ళ తర్వాత, 1895లో, విలియం రామ్సేకి ఒక యురేనియం ఖనిజంలో అని చెప్తే ఒకడు, "అంటే ముందు సూర్యుడిలో దొరికి తర్వాత ఇక్కడ దొరికిందా" అన్నాడు. సూర్యుణ్ణి చూడటానికి మన ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 గురించి కూడా చెప్పాను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళి, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యబింబానికి పళ్ళెం అడ్డుపెట్టి రోజూ గ్రహణం చేసుకుని చూస్తోందని.

పెంటపోగు మాటకి ఎవరూ నమ్మలేదు. భాగహారం బోర్డు మీద చేసి చూపించాక నమ్మారు.

ఆ పాప చివర్లో వచ్చి అడిగింది: "మంట కాదన్నారు సరే టీచర్, మొదట ఎవరు వెలిగించారు?"

చుక్కలదారి | శుక్రవారం రాత్రి 9:10

ఎవరూ వెలిగించలేదమ్మా అని చెప్పండి. సైకిల్ పంపుతో గాలి గట్టిగా కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. ఒకప్పుడు చల్లటి పెద్ద వాయు మేఘం ఉండేది. దాని బరువే దాన్ని లోపలికి నొక్కింది. కోట్ల ఏళ్ళు నొక్కుకుంటూ నొక్కుకుంటూ నడిమధ్య కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ కలవడం మొదలైంది. ఆ నొక్కుడు ఇప్పటికీ ఆగలేదు.

బడిగంట | శుక్రవారం రాత్రి 9:24

మా ప్యూన్ గారి సైకిల్‌కి పంపు ఉంది. సోమవారం అడిగి తరగతికి తీసుకెళ్తాను.